రెండూ ఎడమ చేతులే

1, మంగళవారం

అత్తయ్య ఇవాళ తేల్చేసింది. కూతురి దగ్గరకి, అదే మా వదిన దగ్గరకి వెళ్ళిపోతుందట. ముందు గదిలో ఉన్న కుట్టు మెషిన్ అమ్మేస్తుందట. పాత మెషిన్లు కొనే బేరగాడికి కబురు కూడా పెట్టేసింది. నెలాఖరు ఆదివారం బండి వేసుకుని వస్తాడు. ఇదంతా టీ గ్లాసులు తీస్తూ చెప్పింది, ఇంట్లో చక్కెర నిండుకుందని చెప్పినట్టు.

బాత్రూంలో జారిపడిన దగ్గర్నుంచీ కుడికాలు ఆవిడ మాట వినడం లేదు. కర్ర పట్టుకుని నడుస్తుంది, కూర్చుంటుంది, అందరి మీదా కేకలేస్తుంది, అన్నీ బాగానే ఉన్నాయి. కరెంటు మెషినే అయినా పెడల్ మాత్రం ఇక తొక్కొద్దన్నాడు డాక్టరు. ఎడమ కాలితో ప్రయత్నించింది. "దీనికి బుద్ధి లేదు, ఆగమంటే పరిగెడుతుంది" అని తిట్టుకుంటూ ఓ కాలరు పాడుచేసి, వేలి మీదకి సూది తెచ్చుకుని, చివరికి మెషిన్ మీద దుప్పటి కప్పేసింది.

"కుట్టు లేకపోతే ఈ ఇంట్లో నేనేం చెయ్యను అమ్మాయ్? నీ వంటకి వంకలు పెడుతూ కూర్చోనా?" అంది. ఇన్నాళ్ళూ పెట్టనట్టు.

మా ఆయన సిటీ బస్సు నడుపుతారు. రోడ్డు మీద అందరికీ దారి ఇచ్చీ ఇచ్చీ ఇంట్లోనూ అదే అలవాటైపోయింది. "నీ ఇష్టం అమ్మా" అన్నారు. అనేసి స్నానానికి వెళ్ళిపోయారు.

నాకైతే హాయి. ముందు గది ఖాళీ అవుతుంది. నా బల్లా కంప్యూటరూ అక్కడ వేసుకోవచ్చు. నేల మీద గుండుసూదులు గుచ్చుకోవు. నా చొక్కా చూసి "ఈ భుజం కుట్టినవాడెవడే, వాడికి భుజాలు లేవా" అనేవాళ్ళుండరు. ఇన్నేళ్ళకి నా ఇల్లు నాకు దొరుకుతుంది.

2, బుధవారం

మెషిన్ చప్పుడు లేదు. ప్రశాంతంగా ఉంది. తలనొప్పి వచ్చింది.

3, గురువారం

ఇవాళ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే అత్తయ్య వచ్చి పక్కన నిలబడింది. సన్నగా తరగమని చెప్పాలనుకుంటే నోటితో చెప్పొచ్చుగా. మోచేత్తో పక్కటెముకల్లో ఒక్క పొడుపు పొడిచింది. అది ఆవిడ పద్ధతి. మాట మొదలుపెట్టే ముందు ఒక పొడుపు, మాట అయ్యాక నేను ఒప్పుకున్నానా లేదా అని ఇంకో పొడుపు. పెళ్ళైన కొత్తలో నా ఎడమ పక్కంతా కమిలిపోయి ఉండేది.

పొడిపించుకున్నాక కత్తి కింద పెట్టి నిలబడిపోయాను. ఏమైందే అంది. ఏం లేదన్నాను.

కుట్టేటప్పుడు రెండు చేతులూ గుడ్డ మీదే ఉండాలి. కాళ్ళు పనికిరావు. మరి మోచెయ్యి? ఆవిడ ఎడమ మోచెయ్యి కుట్టేంతసేపూ బల్ల అంచున ఊరికే ఆనుకుని ఉంటుంది. దాని కింద ఒత్తిడి తెలిసే మెత్తటి పలక ఒకటి పెడితే, ఎంత నొక్కితే అంత వేగం. ఎత్తితే ఆగిపోవాలి. మధ్యలో ఒక చిన్న సర్క్యూట్ బోర్డు కావాలి, అంతే. నా ఉద్యోగమే అది, లిఫ్టుల్లో ఉండే బోర్డులు గీయడం. అత్తయ్య వాటిని ఆకుపచ్చ బిస్కెట్లు అంటుంది.

ఇదంతా ఆవిడ ఉండిపోవాలని కాదు. మెషిన్ అలా పడి ఉంటే చూడలేక. ఇంజనీరు బుర్ర, ఊరుకోదు.

ఎవరికీ చెప్పను. చెప్తే ముందు తన మెషిన్ ముట్టుకోనివ్వదు. అదీకాక, పని చెయ్యకపోతే ఆ ముఖం నేను చూడలేను.

5, శనివారం

టంకం అన్నయ్య దేవుడు. మా ఆఫీసులో టంకం వేసేది ఆయనే, అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా వినపడదు. లిఫ్టు తలుపు తెరిచే పాత మోటారు ఒకటి మూలన పడుంటే బాసుని అడిగి నాకిప్పించాడు. "ఎందుకమ్మా, ఇంట్లో లిఫ్టు పెడుతున్నావా?" అన్నాడు. మేముండేది కింది అంతస్తులో.

ఇక మోచేతి బలం ఎంతో తెలియాలి. కూరగాయల కాటా మీద తువ్వాలు మడిచి వేసి, భోజనాల బల్ల అంచున పెట్టి, ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టాను. "అత్తయ్యా, చెయ్యి కాస్త ఆనించండి, బల్ల ఊగుతోందేమో చూడాలి" అన్నాను. ఆనించింది. తువ్వాలు అంచు ఎత్తి అంకె చూశాను. మెల్లగా ఆనించినప్పుడు ఒక అంకె. తర్వాత వదిన వాళ్ళింట్లో ఏ గది ఇస్తుందో అడిగాను, కోపం వచ్చినప్పటి అంకె కూడా కావాలిగా. "ఏ గది అయితే నీకెందుకే" అని గట్టిగా నొక్కింది. రెండు బంగాళాదుంపల బరువు ఒక్కసారిగా పెరిగింది. మా ఆయన గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయారు.

6, ఆదివారం

కూర్చున్నాను. ఎన్నేళ్ళు గీసినా కొత్త బోర్డు మొదలుపెడితే కొత్త చీర మడత విప్పినట్టే ఉంటుంది నాకు.

ముందు బోర్డు చుట్టుకొలత. తర్వాత మరలు బిగించే చిల్లులు. ఆ తర్వాత తీగలు వచ్చి తగులుకునే కనెక్టరు, అంచున, వేళ్ళకి అందేచోట. ఇవి కుదిరాకే మిగతావి. ముందే మధ్యలో చిప్పు పెట్టి ముచ్చటపడితే చివర్లో మర పెట్టడానికి చోటుండదు. ఇంట్లో కరెంటుని బోర్డు మీదకి నేరుగా తేను. అడాప్టరు నుంచి వచ్చే ఇరవై నాలుగు వోల్టులు చాలు. అత్తగారి మోచెయ్యి కదా.

మధ్యాహ్నం అత్తయ్య వెనక నిలబడి తెర చూసింది. "ఈ ఎర్రగీతలేంటి?" అంది. రాగి దారాలన్నాను. "మరి ఇంత వంకరగా కుట్టావేం?" అంది. తిప్పి కాస్త తిన్నగా గీశాను. ఆవిడ చెప్పిందని కాదు, ఎలాగూ మార్చేదాన్నే.

8, మంగళవారం

మోటారుకి వెళ్ళే దారి వెడల్పుగా వేశాను. పలక నుంచి వచ్చే సన్నటి సంకేతం గీతని దానికి దూరంగా, రెండో చివర నడిపించాను. ఆ రెండూ పక్కపక్కన ఉంటే పెద్దది అరిచినప్పుడల్లా చిన్నది ఉలిక్కిపడుతుంది, మెషిన్ దానంతటదే కుట్టడం మొదలుపెడుతుంది. చిప్పుకి ఊపిరిపోసే కెపాసిటరు చిప్పు పక్కనే పెట్టాను.

ఎక్కువసేపు పట్టింది ఆపడం దగ్గర. మోటారుకి కరెంటు తీసేస్తే సరిపోదు, కాసేపు తిరిగి గానీ ఆగదు. ఆ కాసేపట్లో సూది నాలుగు కుట్లు ఎక్కువ వేస్తుంది. అత్తయ్య ఎప్పుడూ అంటుంది, నడపడం ఎవరికైనా వస్తుంది, మూల దగ్గర ఆగడం రావాలి అని. లిఫ్టు తలుపుల బోర్డులో మేం వాడే బ్రేకు పద్ధతి ఇందులోనూ పెట్టాను. మోచెయ్యి ఎత్తిందా, ఠక్కున ఆగాల్సిందే.

9, బుధవారం

బోర్డు చేసిచ్చే ఫ్యాక్టరీకి పంపేశాను. రావడానికి వారం పైనే పడుతుంది. సరిగ్గా సరిపోతుంది.

కాగితం మీద ప్రింట్ తీసి సరిచూడలేదు. ఇంట్లో ప్రింటరులో సిరా లేదు. ఆఫీసులో తీస్తే అందరూ చూస్తారు. చిన్న బోర్డే కదా. కంప్యూటర్లో రూల్ చెక్ పెట్టాను, తప్పులేమీ లేవంది. కాగితం పరీక్ష కొత్తవాళ్ళకి. నాకెందుకు?

11, శుక్రవారం

ఫ్యాక్టరీలో పని మొదలైందట. ఇక వెనక్కి తీసుకోలేం.

14, సోమవారం

అత్తయ్య సర్దుకుంటోంది. దారపుకండెలు రంగుల వరసన డబ్బాలో పేర్చింది. బొత్తాల సీసాలు పక్కింటావిడకి ఇచ్చేసింది. తర్వాత నన్ను పిలిచి పెద్ద కత్తెర చేతిలో పెట్టింది.

ఆ కత్తెర. ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి వారం పాల ప్యాకెట్టు కత్తిరిద్దామని తీస్తే ఇల్లు పీకి పందిరేసింది. దాంతో గుడ్డ తప్ప ఏదీ కత్తిరించకూడదు. కాగితమైతే మరీ, కాగితం కోస్తే పదును చచ్చిపోతుందట. "నీ భర్తని ఎవరికన్నా అరువిస్తావా? ఇదీ అంతే" అంది అప్పుడు. మా ఆయన అక్కడే ఉన్నారు పాపం.

"నాకెందుకు అత్తయ్యా, నాకు బొత్తాం కుట్టడం కూడా రాదు" అన్నాను.

"ఉంచు. అక్కడ ఎవరికీ విలువ తెలీదు" అంది.

నాకు తెలుసని ఆవిడకి ఎవరు చెప్పారు? తీసుకెళ్ళి బీరువాలో పెట్టాను. ముందు గదంతా గుడ్డదుమ్ము, కళ్ళలో పడి చాలాసేపు నీళ్ళు కారాయి.

17, గురువారం

బాసు పిలిచి, కొత్తగా చేరినవాళ్ళందరికీ బోర్డులు గీయడం గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. నాలుగు చెప్పమంటే నేను ఊరుకుంటానా. పొద్దున్న మొదలుపెట్టి భోజనాల దాకా వాయించాను.

భాగాల ధర చూసి మురిసిపోకండి, రేపు మార్కెట్లో దొరుకుతాయా లేదా చూడండి అన్నాను. పాడైతే పరీక్షించుకోడానికి మీటరు ముల్లు ఆనేచోట్లు వదలండి, అవి లేకపోతే బాగుచేసేవాడు మీ వంశాన్ని తిడతాడు. ఏ తీగ ఎక్కడికో బోర్డు మీదే అచ్చు వేయించండి, ఆర్నెల్లు పోతే మీరు గీసింది మీకే అర్థం కాదు. ఇలా చెప్తూ చెప్తూ అసలు సంగతికి వచ్చాను. పంపే ముందు బోర్డుని అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తియ్యండి, ప్రతి భాగాన్నీ తీసుకొచ్చి ఆ కాగితం మీద కూర్చోబెట్టి చూడండి. కంప్యూటరు గీతకీ గీతకీ మధ్య దూరం చూస్తుంది గానీ, మీరు బొమ్మని తప్పుగా అర్థం చేసుకున్నారని చెప్పదు. కాగితం చెప్తుంది. ఇందులో చిన్న బోర్డూ పెద్ద బోర్డూ అని లేదు.

ఆ చివరి మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు. నీళ్ళు తాగాను. చప్పట్లు కొట్టారు. ఆఫీసులో నన్ను కాగితం మేడమ్ అంటారని ఇవాళే తెలిసింది. అందరికీ ఎప్పట్నుంచో తెలుసట.

18, శుక్రవారం

పార్సిలు వచ్చింది. కనెక్టరు చిల్లుల్లో దిగడం లేదు.

రాయాలని లేదు.

19, శనివారం

సరే, రాస్తాను.

కనెక్టరుకి కాళ్ళు ఒక వరసలో అయిదు, రెండో వరసలో నాలుగు. ఒక మూలన ప్లాస్టిక్ బొడిపె. నేను గీసిన చిల్లుల్లో ఆ మూల ఇటు కాకుండా అటు వచ్చింది. అద్దంలో చూసినట్టు. కుడి చేతికి ఎడమ చేతి తొడుగు తెచ్చినట్టు. ఎటు తిప్పి పెట్టినా కూర్చోదు. కనెక్టరు కొలతలుండే డేటాషీట్ మళ్ళీ తీసి చూస్తే, బొమ్మ కింద సన్నటి అక్షరాల్లో రాసి ఉంది, ఇది అడుగు నుంచి చూసిన బొమ్మ అని. నేను పైనుంచి అనుకుని గీశాను.

కాగితం మీద ప్రింట్ తీసి కనెక్టరుని దాని మీద పెట్టుంటే, బొడిపె ఎక్కడో, దాని చిల్లుకి గీసిన చుక్క ఎక్కడో ఆ క్షణమే కనపడేది. అదీ గురువారం నేను గొంతు చించుకుని చెప్పిన సంగతి.

మళ్ళీ చేయిద్దామంటే వారం పైన పడుతుంది. బేరగాడు రేపు కాక పై ఆదివారమే వస్తాడు. తీగలు విడివిడిగా అతికిద్దామంటే, కుట్టు మెషిన్ రోజంతా అదిరే వస్తువు, ఊడిపోయి ఏ తీగ దేనికి తగులుతుందో. ఆవిడ మోచెయ్యి పెట్టేచోట అలాంటి పని నేను చెయ్యను.

పోనీలే. వదిన వాళ్ళింట్లో లిఫ్టుంది. పెద్ద కిటికీలున్నాయి. వెళ్ళడమే మంచిది ఆవిడకి. నాక్కూడా.

20, ఆదివారం

ఈ రోజు సంగతి ఉన్నదున్నట్టు రాసి పెట్టుకోవాలి.

బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాను. అత్తయ్య ఎదురుగా కూర్చుని నేను తీసిన చెక్కు మందం చూసి మూతి తిప్పుతోంది. కాసేపయ్యాక మోచేత్తో ఒక పొడుపు.

"రెండ్రోజులుగా ముఖం అలా వేలాడేసుకున్నావేం?"

"ఆఫీసులో ఒక పని పాడుచేశాను అత్తయ్యా. కుడిదనుకుని ఎడమది చేశాను. అది ఇప్పుడు దేనికీ సరిపడదు."

ఏదో ఒక చురక వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. గుమ్మం వైపు చూసి, మా ఆయన వినడం లేదని చూసుకుని, గొంతు తగ్గించింది.

"ఎవరితోనూ అనకు. నేనూ చేశాను. దుకాణం పెట్టిన కొత్తలో ఒక పెద్దాయన కోటు. గుడ్డ తిరగెయ్యకుండా రెండు చేతులూ ఒకేలా కత్తిరించేశాను. కుట్టి చూస్తే రెండూ ఎడమ చేతులే. పొద్దున్నే ఆయన వస్తాడు. గుడ్డ ముక్క మిగల్లేదు."

నవ్వాపుకోలేకపోయాను. ఆవిడా నవ్వింది. ఇన్నేళ్ళలో తన కత్తెర తప్పిందని ఆవిడ నోట వినడం ఇదే మొదలు.

"మరేం చేశారు?"

"ఏం చేస్తాం. గుడ్డని రెండు వైపులా చూశాను. లోపలా బయటా ఒకటే నేత, ఒకటే రంగు. ఒక చెయ్యి విప్పి, తిరగేసి కుట్టేశాను. ఎడమది కుడిదైపోయింది. ఆయన ఆ కోటు చిరిగేదాకా వేసుకున్నాడు, పిచ్చి మారాజు."

చేతిలో దుంప అలాగే ఉండిపోయింది. బోర్డులో ఆ చిల్లులకి లోపల గోడల నిండా రాగి ఉంటుంది. పై నుంచి టంకం పెట్టినా కింద నుంచి పెట్టినా ఒకటే. లోపలా బయటా ఒకటే నేత. కనెక్టరుని బోర్డు పైన కాకుండా అడుగున దూర్చితే?

లేచి గదిలోకి పరిగెత్తాను. బోర్డు తిరగేసి కనెక్టరు ఆనించాను. బొడిపెతో సహా టక్కున కూర్చుంది. తీసి మళ్ళీ పెట్టి చూశాను, మళ్ళీ కూర్చుంది.

"దుంపలు ఎవరు తీస్తారే?" అని వంటింట్లోంచి కేక. ఆ కేక ఎంత బాగుందో.

21, సోమవారం

టంకం అన్నయ్య బోర్డు చేతిలోకి తీసుకుని, అటు చూసి, ఇటు చూసి, నా ముఖం చూశాడు.

"కనెక్టరు అడుగున వెయ్యాలా అమ్మా?"

"అవునన్నయ్యా. డిజైనే అంత."

"కాగితం మీద చూసుకున్నావా?"

టంకం తీగ అందించాను. అందుకున్నాడు. భుజాలు మాత్రం ఊగుతూనే ఉన్నాయి టంకం వేసినంతసేపూ. అంత బాగా వేశాడు గనక క్షమించాను. బల్ల మీద మోటారు పెట్టి పలక నొక్కితే తిరిగింది, వదిలితే ఠక్కున ఆగింది.

23, బుధవారం

కనెక్టరు అడుగుకి వెళ్ళేసరికి, బోర్డు కోసం తెచ్చిన చిన్న పెట్టెలో అది బోర్లా పడుకోవాల్సి వచ్చింది. బోర్లా పడుకుంటే పవర్ వచ్చిందని చూపించే దీపం నేల వైపు తిరిగింది. అది పైకి కనపడాలని ముందే బాగా వెలుగిచ్చే తెల్లదీపం వేశాను. ఇప్పుడది బల్ల కింద ఎవరికీ అక్కర్లేనిచోట వెలుగుతుంది. పెట్టె అడుగున చిల్లు పెట్టి అలా వదిలేశాను. వెలగనీ.

26, శనివారం

అత్తయ్యని ఫిజియోథెరపీకి తీసుకెళ్ళమని మా ఆయన్ని పంపాను. "వచ్చేటప్పుడు ఆలస్యంగా రండి" అన్నాను. "ఎంత ఆలస్యంగా?" అన్నారు. "మీరు బస్సు నడిపినట్టు రండి" అన్నాను.

మెషిన్‌కున్న మోటారు విప్పి లిఫ్టు మోటారు బిగించాను. పెట్టె బల్ల అడుగున. పలక ఎడమ అంచున, మీద ఆవిడ పీలికల సంచిలోంచి తీసిన నీలం మఖమల్ ముక్క. నా చేతి రుమాలు పెట్టి కుట్టి చూశాను. ఆ రుమాలు ఇప్పుడు నా చొక్కా చేతికి కలిసిపోయి ఉంది. మెషిన్ తప్పు కాదు.

దుప్పటి మళ్ళీ కప్పేశాను. రేపు చెప్పాలి. ఎలా చెప్పాలో తెలీడం లేదు. ఉండిపోండి అని అడగడం నా వల్ల కాదు. ఇన్నేళ్ళలో మేమిద్దరం ఒకరితో ఒకరం అలాంటి మాట ఒక్కటీ అనుకోలేదు.

27, ఆదివారం

బేరగాడు ముందే వచ్చేశాడు. టీ కూడా పెట్టలేదింకా. బండి గుమ్మానికి అడ్డంగా నిలిపి, తాడు భుజాన వేసుకుని లోపలికి వచ్చి దుప్పటి లాగాడు.

"ఇదేంటి, ఈ నీలం దిండు?" అన్నాడు.

అత్తయ్య చూసింది. పలకనీ, తీగనీ, బల్ల కిందున్న పెట్టెనీ చూసింది. తర్వాత నన్ను చూసింది. కుర్చీ ముందుకి లాగాను.

"ఒక్కసారి కూర్చోండి అత్తయ్యా" అన్నాను. "ఎడమ మోచెయ్యి దాని మీద పెట్టండి. పొడవకండి, ఆనించండి."

కూర్చుంది. కర్ర గోడకి ఆనించింది. అలవాటు కొద్దీ చెయ్యి చాపితే మా ఆయన ఎక్కడ్నించో ఒక గుడ్డముక్క అందించారు, అంటే ఆయనకి అన్నీ తెలుసన్నమాట. గుడ్డ సూది కింద పెట్టి, మోచెయ్యి ఆనించింది. మెషిన్ ఒక కుట్టు వేసింది. ఇంకొంచెం నొక్కింది. పరుగందుకుంది. మూల దగ్గర మోచెయ్యి ఎత్తింది. సూది సరిగ్గా మూలలో ఆగింది. గుడ్డ తిప్పి మళ్ళీ ఆనించింది.

ఇక ఆపలేదు. గుడ్డముక్క చుట్టూ ఒకసారి, మళ్ళీ ఇంకోసారి. ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి. ఏదో అనబోయి కింద నేల వైపు చూసింది. బల్ల కింద ఆ పనికిరాని తెల్లదీపం వెలుగులో పడిపోయిన గుండుసూదులన్నీ తళతళలాడుతున్నాయి. "ఇదెవరు ఆలోచించారు?" అంది, చప్పుడు మీదుగా కేకేసి. నేనే అన్నాను. ఆ ఒక్క అబద్ధం ఉంచుకుంటాను.

బేరగాడు మా ఆయనతో ఏదో అంటున్నాడు, వినపడడం లేదు. ముందు గదంతా ఆ పాత చప్పుడే. నెల్లాళ్ళుగా లేని చప్పుడు. నాకు ఏమొచ్చిందో, ఆవిడ వీపు వెనక నిలబడి, ఎలాగూ వినపడదు కదా అని, గొంతెత్తి అనేస్తున్నాను.

"వెళ్ళొద్దు అత్తయ్యా. మీరు లేకపోతే నాకు తోచదు. ఈ ఇంట్లో నన్ను తిట్టేవాళ్ళు కూడా ఉండరు. గది నాకొద్దు. మీరు వెళ్ళిపోతే నేనేం చె..."

మోచెయ్యి ఎత్తింది.

ఠక్కున ఆగింది మెషిన్. నేను రాత్రుళ్ళు పెట్టి సాధించిన బ్రేకు. ఒక్క కుట్టు కూడా ఎక్కువ వెయ్యలేదు. ఆ నిశ్శబ్దంలో నా "నేనేం చెయ్యను" ఒక్కటే గది మధ్యలో నిలబడిపోయింది. మా ఆయన చెప్పులు చూసుకుంటున్నారు. బేరగాడు నోరు తెరిచి చూస్తున్నాడు. భూమి చీలితే బాగుండుననిపించింది.

అత్తయ్య వెనక్కి తిరగలేదు. బేరగాడి వైపు చూసింది.

"విన్నావుగా మా కోడలేమందో?" అంది. "మెషిన్ ఇవ్వను. టీ తాగి వెళ్ళు."

అతనికి కోపం రాలేదు. తాడు చుట్టుకుంటూ, ఆ దిండు ఇంకొకటి చేసిస్తావా అమ్మా, మా ఆవిడకీ మోకాళ్ళ నొప్పి అన్నాడు.

టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. వెనకే కర్ర చప్పుడు. పక్కకొచ్చి నిలబడింది. నేను గిన్నె వైపే చూస్తున్నాను, ఆవిడా గిన్నె వైపే చూస్తోంది.

"నీకు నేను అడ్డమనుకున్నాను" అంది. "చెప్పి చావొచ్చుగా."

"మీరు అడిగారా?"

పక్కటెముకల్లో ఒక పొడుపు. చాలా మెల్లగా పొడిచింది. కాటా మీద పెడితే ఒక బంగాళాదుంప కూడా తూగదు.

28, సోమవారం

వదిన ఫోన్ చేసి నన్ను తిట్టింది. అమ్మకి కిటికీ గది సర్దిపెట్టిందట. ఆవిడకీ బాధే, కాదనను. నెలకోసారి పంపిస్తానన్నాను. "నువ్వెవరే పంపడానికి, నేనే వెళ్తాను" అని వెనకనుంచి అత్తయ్య.

30, బుధవారం

రెండో బోర్డు గీశాను, బేరగాడి భార్యకి. కనెక్టరు పైకి. దీపం మాత్రం కిందికే ఉంచాను, కావాలనే. ప్రింటరులో సిరా పోయించి, అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, ముందు గదిలో అత్తయ్య బల్ల మీద పరిచాను. కనెక్టరు పెట్టి చూశాను. బొడిపె చుక్క మీద కూర్చుంది. మరలూ చిల్లుల మీద సరిపోయాయి. పెట్టెలో పడుతుందో లేదో చూడాలంటే కాగితాన్ని అంచు వెంట కత్తిరించాలి. చింపుదామని మడత పెడుతున్నాను.

"ఆగు, గుడ్డైనా కాగితమైనా చింపుతారటే?" అంది.

మెషిన్ ఆపింది. బీరువా దగ్గరకి వెళ్ళి తన పెద్ద కత్తెర తెచ్చుకుంది. కూర్చుని, కళ్ళద్దాలు సర్దుకుని, నా కాగితాన్ని గీత వెంట కత్తిరించడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, అది గుడ్డ కత్తెర" అన్నాను.

"తెలుసు" అంది, తలెత్తకుండా.